ఫలదేవత ఊళ్ళో పాత ఇనుము

అమెరికా వెళ్ళివచ్చినవారిని మనవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న, "నయాగరా చూచారా?" అని. రెండోది డిస్నీలాండు. నేను రెండూ చూడలేదు. నెలన్నాళ్ళు కాలిఫోర్నియాలో వున్నవాడికి ఖండానికి ఆ కొసను వున్న నయాగరా ఎట్లా అందుతుంది? డిస్నీలాండు కారులో గంట ప్రయాణమే గాని, టిక్కెట్టు ధర వినగానే దానిమీద కుతూహలం దానంతట అదే చల్లారిపోయింది. నేను చూచినది పొమోనా సంత. యాత్రీకుల పుస్తకాలలో దానికి పెద్దగా చోటు దొరకదు గనుక, నేనైనా నాలుగు మాటలు వ్రాయడం న్యాయమని తోచింది.

పొమోనా లాస్ ఏంజిలిస్ నగరానికి తూర్పుగా సుమారు ముప్ఫయి మైళ్ళ దూరాన వున్న పట్టణం. పొమోనా అంటే ప్రాచీన రోమనుల ఫలదేవత. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా నారింజతోటలూ నిమ్మతోటలూనట. అందుచేత ఆ పేరు వూరికి చక్కగా అమరింది. ఉత్తరాన శాన్ గేబ్రియల్ కొండలు గోడ కట్టినట్టు నిలబడి వుంటాయి. వాటిలో శాన్ అంటోనియో శిఖరం పదివేల అడుగుల పైమాటే. అక్కడివాళ్ళు దాన్ని చనువుగా "మౌంట్ బాల్డీ", అంటే బట్టతల కొండ, అని పిలుస్తారు. ఇప్పుడు తోటలు చాలావరకు పోయాయి. వాటి చోట ఇళ్ళు, రహదారులు, ఏనుగుల మందలు పడుకున్నట్టుండే పెద్దపెద్ద గిడ్డంగులు వెలిశాయి. అయితే ఏడాదిలో కొన్ని ఆదివారాలు తెల్లవారుజామున ఐదు గంటలకల్లా ఫలదేవత ఊళ్ళో ఇంకొకరకం పంట అమ్మకానికి వస్తుంది. అది పాత ఇనుము.

రాయబారం

2024 వేసవి సెలవుల్లో నేను సరదాకు వెళ్ళలేదు, రాయబారానికి వెళ్ళాను. మా అక్కయ్యా బావగారూ తెనాలిలో వుంటారు. వాళ్ళ ఏకైక పుత్రుడు మెకానికల్ ఇంజనీరింగు చదివి, అమెరికాలో ఎమ్మెస్ చేసి, పొమోనాకు పదిమైళ్ళలో వున్న ఆంటారియో అనే వూళ్ళో ఒక గిడ్డంగిలో సామాన్లు మోసే యంత్రాల పని చూస్తున్నాడు. చదువుకని చేసిన అప్పు మూడేళ్ళలో తీర్చేశాడు. బుద్ధిమంతుడు. అటువంటివాడు ఉన్నట్టుండి ఒక పాత ట్రక్కు కొన్నాడు. కొని వూరుకోక, దాని క్రింద పడుకుని ఫొటో తీయించుకుని ఫోనులో పెట్టాడు. ఆ ఫొటో ఏలూరు సంబంధంవారి కంట పడింది. "ఇంజనీరని చెప్పి లారీ మెకానిక్కును చూపిస్తున్నారేమిటండీ!" అని వారు మర్యాదగానే తప్పుకున్నారు.

అక్కయ్య మూడురోజులు అన్నం సరిగా తినలేదు. బావగారు ఆడిటు శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఏడ్వరు, లెక్క వేస్తారు. "తొమ్మిదివేల డాలర్లు ఆ తుప్పుకు కేటాయించాడట. మన డబ్బులో ఏడున్నర లక్షలు. ఆ డబ్బుకు ఇక్కడ కొత్త కారే వస్తుంది గదా!" అన్నారు.

"నువ్వు తెలుగు మాస్టారివిరా, మాటలతో బ్రతికేవాడివి. వాడిచేత ఆ బండి అమ్మించి రా" అన్నది అక్కయ్య. పచ్చడి సీసాలతోపాటు ఆ బాధ్యత కూడా సంచీలో పెట్టుకుని విమానం ఎక్కాను.

బండి

మేనల్లుడు అద్దెకుంటున్నది చిన్న ఇల్లు. దాని ప్రక్కన ఇంకా చిన్న కారుషెడ్డు. షెడ్డు పట్టక బండి ముక్కు బయటికి పొడుచుకుని వుంది. అది 1972 నాటి షెవర్లే సి-10. మనవైపు ఇట్లాంటి బండి అరుదు. ముందు ముగ్గురు కూర్చునే గది, వెనుక ఎనిమిదడుగుల తొట్టి. దీన్ని వాళ్ళు పికప్పు ట్రక్కు అంటారు. ఒకప్పుడు దాని రంగు ఆకాశనీలం కాబోలు. ఎండకు మాడి, తలుపుల మీద నీలం, కప్పు మీద తెలుపు, అంచులలో తుప్పు - మూడూ కలిసిపోయాయి.

"ఇందులో ఏం చూచావురా?" అన్నాను.

"ముందు బ్రేకులు చూశాను, మామయ్యా" అన్నాడు వాడు.

వాడు హాస్యానికి అనలేదు. ఈ తరహా ట్రక్కులు 1967 నుంచి 1972 వరకు వచ్చాయి. 1970 దాకా వచ్చినవాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, చక్రానికి ఆరు బోల్టులు. 1971లో కంపెనీవారు ముందుచక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టి, చక్రానికి బోల్టులు ఐదు చేశారు. పైకి చూడడానికి బళ్ళన్నీ అక్కచెల్లెళ్ళలాగే వుంటాయి. కాని బీద కొనుగోలుదారుకు ఆ ఏడాది తేడా వందల డాలర్ల తేడా. డిస్కు బ్రేకులు బండితోనే వస్తాయి. ఆ తరువాత పదిహేనేళ్ళపాటు వచ్చిన ట్రక్కుల చక్రాలు కూడా ఐదు బోల్టులకు సరిపోతాయి గనుక, పాత సామానులో చక్రాలు చవుకగా దొరుకుతాయి. ఇంకొక సంగతి. అక్కడి కుర్రవాళ్ళకు పొట్టితొట్టి బండ్ల మీద మోజు. పొడుగుతొట్టి బండిని రైతుబండి అని చిన్నచూపు చూస్తారు. ఆ చిన్నచూపే వీడికి లాభించింది. మూడువేల ఎనిమిదివందల డాలర్లకు, ఇంజను తిరుగుతున్న బండి, కాగితాలతో సహా దొరికింది.

ప్రక్క ఇంట్లో ఒక పెద్దాయన వున్నారు. ముత్తాతలనాడు మెక్సికోనుంచి వచ్చిన కుటుంబం. జీవితమంతా ట్రక్కుల మరమ్మతు షెడ్డులో పనిచేసి రిటైరైనవారు. మా వాడికి ఈ విద్యలో గురువు ఆయనే. ఆయనకు తెలుగు రాదు. ఆయన ఇంగ్లీషులో సగం నాకు అర్థం కాదు. అయినా మొదటి సాయంత్రమే మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. అక్కయ్య పంపిన గోంగూర పచ్చడి ఆయన రొట్టెలో చుట్టుకుని తిని, ఇంకా వుందా అన్నారు.

ఈ పిచ్చి ఎక్కడిది?

రాయబారం నడపదలచినవాడు ముందు ఎదుటిపక్షం చరిత్ర తెలుసుకోవాలి. అందుచేత రెండు మూడు రోజులు వింటూ కూర్చున్నాను.

ఫోర్డు కంపెనీ కార్ఖానాలోనే తొట్టి బిగించిన మొదటి పికప్పును 1925లో అమ్మింది. ధర 281 డాలర్లు. అది పొలం పనికి, పాలడబ్బాలకు, మేకులబస్తాలకు పుట్టిన బండి. దానికి వేగంతో సంబంధం లేదు. వేగం పిచ్చి వేరే చోట పుట్టింది. దక్షిణ కాలిఫోర్నియాలో కొండల కవతల ఎండిపోయిన సరస్సులున్నాయి. అడుగు బల్లపరుపుగా, మైళ్ళకొద్దీ గట్టినేల. 1930 ప్రాంతాలనుంచీ కుర్రవాళ్ళు పాత ఫోర్డు కార్ల రేకులు విప్పి, బరువు తగ్గించి, అక్కడికి తీసికెళ్ళి పరుగెత్తించేవారు. 1937లో వాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ ప్రాంతమంతా విమాన కార్ఖానాలు నిండిపోయి, వేలమందికి లోహపుపని, వెల్డింగుపని చేతికి పట్టుబడింది. యుద్ధం ముగిశాక సైనికులు ఇళ్ళకు వచ్చారు. చేతిలో విద్య వుంది, జేబులో డబ్బు తక్కువ, పాత కార్లు కావలసినన్ని. ఇంకేం కావాలి?

వాళ్ళు వూరి వీధులలోనే పందేలు వేయడం మొదలుపెట్టేసరికి పోలీసులూ పత్రికలూ మండిపడ్డాయి. వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో జాతీయ సంఘం ఒకటి స్థాపించి, పందేలను వీధులలోనుంచి మైదానాలకు మళ్ళించాడు. ఆ సంఘంవారి మొదటి అధికార పందెం 1953లో జరిగింది ఎక్కడనుకున్నారు? ఈ పొమోనా తిరునాళ్ళ మైదానంలోనే. 1922 నుంచి ఆవులూ గుర్రాలూ పండ్లబుట్టలూ ప్రదర్శించిన చోట ఇంజన్లు ప్రదర్శనకు నిలబడ్డాయి. ఆ పార్క్స్ పేరుతోనే ఇప్పుడక్కడ ఒక మ్యూజియం వుంది.

కార్ల తరువాత ట్రక్కుల వంతు వచ్చింది. తాతలు పొలాలు అమ్ముకున్నారు గాని ట్రక్కులు పెరట్లోనే వుండిపోయాయి. మనుమలు వాటిని కొద్దిగా క్రిందికి దింపి, వెనుక వెడల్పు టైర్లు వేసి, వీధిలో తిప్పడం నేర్చారు. ఈ తిరుగుడుకూ ఒక గొడవ వుంది. బండి అడుగు చక్రపు రిమ్ము అడుగుకన్న దిగువకు రాకూడదని 1950ల చివరలోనే కాలిఫోర్నియాలో చట్టం చేశారు. ఆదివారంనాడు వరుసగా మెల్లగా బళ్ళు నడుపుకుంటూ తిరగడాన్ని కూడా చాలా ఊళ్ళు నిషేధించాయి. ఇదంతా తమ కుర్రవాళ్ళను పట్టుకోడానికేనని మెక్సికన్ కుటుంబాలవారి బాధ. 2023లో శాసనసభ ఆ నిషేధాలను ఎత్తివేసింది. 2024 జనవరి ఒకటినుంచి అమలు. "నా మనవడు నాలా జరిమానా కట్టనక్కరలేదు" అన్నారు పెద్దాయన. అంటూ పచ్చడి సీసా మూత బిగించారు.

వెడల్పు లెక్క

నాకు తెలిసినంతలో టైరు గుండ్రంగా, నల్లగా వుంటుంది. దాని ప్రక్కన వ్రాసిన అంకెలకు అర్థం వుంటుందని అక్కడే తెలిసింది.

మావాడు తన బండి వెనుకకు ఎంచుకున్నది 275/60, 15 అంగుళాల రిమ్ము. 275 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే ఆ వెడల్పులో నూటికి అరవైపాళ్ళు టైరు గోడ ఎత్తు. కాబట్టి గోడ 165 మిల్లీమీటర్లు. పైన ఒకటి, క్రింద ఒకటి కలిపితే 330. అంటే 13 అంగుళాలు. దానికి 15 అంగుళాల రిమ్ము కలిపితే మొత్తం ఎత్తు 28 అంగుళాలు. ముందుకు ఎంచుకున్నది 235/70. అదీ ఇట్లాగే గుణించి చూస్తే 28 అంగుళాలే! ఎత్తు మారలేదు, వెనుకది మాత్రం 40 మిల్లీమీటర్లు వెడల్పు. గణాలు మారినా పాదం తూగు చెడని పద్యంలా వుందే అనుకున్నాను. ఎత్తు మారితే వేగం చూపే ముల్లు అబద్ధం చెబుతుందట.

"వెడల్పెందుకురా, అందానికేనా?"

"సగం అందానికే, మామయ్యా. దాచడమెందుకు?" అని వాడు నవ్వి, మిగతా సగం చెప్పాడు. ఖాళీ ట్రక్కుకు బరువంతా ముందు ఇంజను దగ్గర వుంటుంది. తిరగవలసిన చక్రాలు వెనుక. వాటి మీద బరువు తక్కువ. గట్టిగా తొక్కితే అవి నేలను పట్టక గిర్రున తిరుగుతాయి. వెడల్పు టైరు వేస్తే నేలను తాకే వైశాల్యం మనం అనుకున్నంత పెరగదు. అది ముఖ్యంగా బరువునుబట్టి, లోపలి గాలి వత్తిడినిబట్టి వుంటుంది. కాని ఆ ముద్ర ఆకారం మారుతుంది. పొడుగు తగ్గి అడ్డం పెరుగుతుంది. మలుపులో పట్టు బాగుంటుంది. పట్టు ఎక్కువగా వుండే మెత్తని రబ్బరు వాడినా వేడికి తొందరగా చెడకుండా వుంటుంది.

"వానలో?"

"వానలో నష్టమే. నీటిమీద తేలుతుంది. మెల్లగా పోవాలి."

తన సరుకులో లోపం తానే చెప్పేవాడితో వాదించడం కష్టం. నా రాయబారంలో మొదటి చిక్కు అక్కడే వచ్చింది.

వెడల్పు టైరు కొంటే చాలదు, అది పట్టాలి. లోపలివైపు తొట్టి గోడ, బయటివైపు మడ్‌గార్డు - మధ్యలో వున్న చోటే దాని ఇల్లు. రిమ్ము బోల్టులకు ఆనే తలంనుంచి రిమ్ము లోపలి అంచు ఎంతదూరం వుందన్నది ఇక్కడ ప్రాణం. అది అంగుళం అటూ ఇటూ అయితే టైరు గోడకైనా రాచుకుంటుంది, లేదా బయటికైనా పొడుచుకొస్తుంది. పొడుచుకొస్తే చట్టం ఒప్పదు. నేలనంటే టైరు పట్టీని మడ్‌గార్డు పూర్తిగా కప్పాలి. యతి ఒక అక్షరం ప్రక్కన పడినా పద్యం కుంటుతుంది గదా, అట్లాగే. దీన్ని కొలవడానికి పెద్దాయన ఉపాయం ఉచితం. అట్టపెట్టెలు కోసి 28 అంగుళాల ఎత్తు, 11 అంగుళాల వెడల్పు వుండే బొమ్మచక్రం తయారుచేయించారు. దాన్ని ఇరుసుకు కట్టి, జాకీతో ఒక ప్రక్క పైకెత్తి, వేలు దూరుతుందా అని చుట్టూరా తడిమి చూశారు. దూరింది.

సంత

నేనున్న రోజులలోనే ఆ ఆదివారం వచ్చింది. మూడున్నరకు లేచాము. ఐదు కావస్తుండగా చేరేసరికి చీకట్లో టార్చిలైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. మనుషులు చేతిబండ్లు లాక్కుంటూ పరుగెడుతున్నారు. మన పశువుల సంతలో ఎద్దు పళ్ళు చూచినట్టు అక్కడ ఇంజను గొట్టంలో వేలు పెట్టి చూస్తారు. ధర చెప్పేవాడు ఆకాశం వైపు చూస్తాడు, అడిగేవాడు నేలవైపు చూస్తాడు. ఇద్దరూ కొంత సేపటికి మధ్యలో కలుస్తారు. తలుపులు, దీపాలు, గేరుపెట్టెలు, పాత నంబరుపలకలు, స్టీరింగు చక్రాలు వరుసలు వరుసలుగా పరచివున్నాయి. విజయవాడ ఆటోనగరులో ఒక వీధిని ఎత్తి మైదానంలో పరిస్తే ఇట్లాగే వుంటుంది. అయితే ఆటోనగరులో బండి అన్నానికి, ఇక్కడ చాలావరకు ముచ్చటకు.

మావాడి జేబులో ఒక నోటుబుక్కు వుంది. పద్దులు వ్రాసుకున్నాడు. బండి 3,800, చక్రాలు 320, టైర్లు 500, బ్రేకుల సామాను 460, స్టీరింగు, బేరింగులు 340, స్ప్రింగులు, షాకులు 430, ఇంజను మరమ్మతు 600, దీపాలు, సీటు, అద్దాల రబ్బర్లు 280, రిజిస్ట్రేషనూ బీమా 400, రంగు 1,500, చేతిఖర్చు 370. మొత్తం తొమ్మిదివేలు. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది!

ఆరు గంటలకల్లా చక్రాలు దొరికాయి. పాత ట్రక్కులకు వచ్చే ర్యాలీ చక్రాలు, ఎనిమిదంగుళాల వెడల్పు. నాలుగువందలు చెప్పినవాడు మూడువందల ఇరవైకి దిగాడు. అంతలో తెల్లవారింది. బాల్డీ కొండ మీద మొదటి ఎండ పడింది. అదే సమయానికి మావాడి దృష్టి ఒక టైర్ల జత మీద పడింది.

సరిగ్గా 275/60. ప్రక్కన తెల్లని అక్షరాలు. గాళ్ళు లోతుగా, కొత్తవిలాగే నిగనిగలాడుతున్నాయి. జత 120 డాలర్లు. కొత్తవి కొనాలంటే ఒక్కొక్కటే రెండువందల చిల్లర. మావాడి ముఖం చూచాను. చిన్నప్పుడు తెనాలి స్టేషను దగ్గర బొమ్మరైలు చూచినప్పటి ముఖమే. చేయి జేబులోకి పోయింది.

పెద్దాయన ఏమీ అనలేదు. వంగి, మోకాలి మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని టైరుప్రక్కన వెదికారు. చివర నాలుగంకెలున్న ఒక వరుస చూపారు. 3109. అంటే 2009వ సంవత్సరంలో 31వ వారాన తయారైన టైరు. పదిహేనేళ్ళు కావస్తున్నది. ఎక్కడో షెడ్డులో తిరగకుండా పడివుంది గనుక గాళ్ళు అరగలేదు. కాని రబ్బరుకు వయస్సు తిరుగుడులోనే కాదు, గాలిలోనూ వుంది. పదేళ్ళు దాటితే గాళ్ళు ఎంత లోతుగా వున్నా తీసివేయమని చాలామంది తయారీదారులే చెబుతారు. ఆయన బొటనవ్రేలితో టైరుగోడను వంచి చూపారు. వెంట్రుకల్లాంటి బీటలు నోరు తెరిచాయి.

"వీధి చివరదాకా పోతుంది. రహదారి మీద, వేగంలో, ఎండలో ఒకనాడు పొర లేచిపోతుంది. ఆ రోజు నువ్వు ఒక్కడివే బండిలో వుంటావా?" అన్నారాయన.

మావాడు రెండు నిమిషాలు అట్లాగే నిలబడ్డాడు. అమ్మేవాడు వంద అన్నాడు, తొంభై అన్నాడు. తరువాత మావాడు జేబులోనుంచి డబ్బు తీయలేదు, నోటుబుక్కు తీశాడు. టైర్ల పద్దులో 500 కొట్టివేసి, నాలుగు కొత్తవాటికి 820 వ్రాశాడు. రంగు పద్దులో 1,500 కొట్టివేసి 1,180 వ్రాశాడు. మాట్లాడకుండా నడిచాడు. నేను తెనాలినుంచి మోసుకొచ్చిన ఉపన్యాసం అప్పటికి సగానికి సగం కరిగిపోయింది.

కట్టుబడి

తరువాతి మూడు వారాల సాయంత్రాలు షెడ్డులోనే గడిచాయి. నేను దీపం పట్టుకునే ఉద్యోగంలో చేరాను.

బీదవాడు ఈ పనిలో డబ్బు మిగుల్చుకునే దారులు చాలా వున్నాయి. కొన్ని మంచివి, కొన్ని చంపేవి. బండిని దింపడానికి గ్యాసుమంటతో స్ప్రింగును కాల్చి కూలబడనివ్వడం ఒకటి. ఖర్చు లేదు, పది నిమిషాల పని. కాని కాలిన ఉక్కుకు పదును పోతుంది. ఒక స్ప్రింగు ఒకరకంగా, రెండవది ఇంకొకరకంగా కూర్చుంటుంది. అటువంటి బండి గుంతలో ఎటు విసురుతుందో చెప్పలేము. మావాడు పొట్టి స్ప్రింగులు కొనే వేశాడు. ముందు మూడంగుళాలు, వెనుక నాలుగంగుళాలు దిగింది.

మిగుల్చుకోదగిన చోట మాత్రం పిసినారే. అసలు ఇంజనునే వుంచాడు. కార్బరేటరును విప్పి, కడిగి, వాషర్లు మార్చి మళ్ళీ బిగించాడు. సీటు తానే కుట్టాడు. అద్దం త్రిప్పే పిడి, వెనుకదీపం గాజు ఇటువంటివి ఎవరి పనిముట్లతో వాళ్ళే విప్పుకునే తుక్కుబళ్ళ దొడ్లలో తెచ్చుకున్నాడు. బ్రేకుల దగ్గరకు వచ్చేసరికి చేయి ధారాళమైంది. మాస్టరు సిలిండరు కొత్తది, రబ్బరుగొట్టాలు కొత్తవి, వెనుక షూలు కొత్తవి. స్టీరింగులో ఆడుతున్న ప్రతి కీలూ మార్చాడు. ఇవన్నీ బిగించాక బయటికి కనిపించేది ఒక్కటీ లేదు. ఫొటో తీస్తే పడేది కాదు.

అప్పుడు చక్రాలెక్కాయి. జాకీ దింపగానే బండి నేలమీద కూర్చున్న తీరే మారిపోయింది. వెనుకనుంచి చూస్తే పీటమీద మఠం వేసుకున్న పెద్దమనిషిలా వుంది. ఫోనులో అక్కయ్య ఆజ్ఞ ప్రకారం నాలుగు చక్రాల క్రింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. పెద్దాయన ఎందుకని అడిగితే, మావాడు "ఇది మా ఊరి బీమా" అన్నాడు.

బట్టతల కొండ

మర్నాడు ముగ్గురమూ ముందుసీటులో ఇరుక్కుని కొండ ఎక్కాము. వూరు దాటగానే దారి లోయలోకి పోతుంది. మెలికలు తిరుగుతూ, సొరంగాలు దాటుకుంటూ, దేవదారు చెట్లున్న చిన్న పల్లెకు చేరుస్తుంది. క్రింద ఎండ మాడుస్తుంటే పైన గాలి చల్లగా వుంది. కాఫీ త్రాగి దిగడం మొదలుపెట్టాము.

దిగుడు చాలా దూరం. మావాడు గేరు తగ్గించి, బ్రేకు తొక్కుతూ వదులుతూ నడుపుతున్నాడు. ఒక మలుపు తిరిగేసరికి ఎదుట కార్ల వరుస నిలిచిపోయి వుంది. ముందెక్కడో కొండరాళ్ళు జారాయట. చివరి కారు వెనుక అద్దంలోనుంచి ఒక చిన్నపిల్ల మావైపే చూస్తున్నది. మావాడు తొక్కాడు. బండి అటూ ఇటూ పోలేదు, మూలగలేదు. ముక్కు కొంచెం వంచి, గీత గీచినట్టు తిన్నగా వెళ్ళి, బారెడు దూరం మిగిల్చి ఆగింది. ఆ పిల్ల చేయి ఊపింది.

కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత పెద్దాయన క్రిందికి దిగి, ముందుచక్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూచి, బాగుందన్నట్టు తల ఆడించి ఎక్కారు. పక్కమీద పదిహేనేళ్ళనాటి టైర్లు, మీద మెరిసే కొత్తరంగు వున్న బండి ఆ మలుపులో ఏం చేసి వుండేదో ఆలోచించడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆడిటు

నేను తిరిగివచ్చేముందు మావాడు నోటుబుక్కు పేజీలకు ఫొటోలు తీసి బావగారికి పంపాడు. బండి ఫొటో పంపలేదు. మరునాడు ఫోను మ్రోగింది.

"కూడికలు సరిగానే వున్నాయి" అన్నారు బావగారు. అది ఆయన నిఘంటువులో ప్రశంస. "బ్రేకులకు అంత పెట్టాడా? మంచిదే. టైర్ల పద్దు దిద్దినచోట సంతకం లేదు."

"మరచిపోయాడు, బావగారూ."

"సరే. చివర ఒక పద్దు నాకు అర్థం కాలేదు. రంగు 1,180 కొట్టివేశాడు. ఆ ప్రక్కన 'నాన్న టిక్కెట్టు' అని వ్రాశాడు. ట్రక్కు లెక్కలో నా టిక్కెట్టు ఎందుకుండాలి?"

మావాడు ఫోను తీసుకున్నాడు. "ముగ్గురు పట్టే సీటు, నాన్నా. అమ్మ టిక్కెట్టు జీతంలోంచి తీస్తాను. రంగు లేకపోయినా బండి నడుస్తుంది."

అవతలనుంచి చాలాసేపు జవాబు రాలేదు. అక్కయ్య గొంతు వెనుకనుంచి, "ఏమంటున్నాడు? అమ్మేశాడా?" అని వినిపిస్తున్నది. ఏలూరు సంబంధం తిరిగి రాలేదు. రాకపోయినా నష్టమేమిటని అక్కయ్యకు బోధపరచే బాధ్యత ఇప్పుడు బావగారు తీసుకున్నారు.

పాఠకులలో ఎవరైనా పిల్లల దగ్గరకు ఆ ప్రాంతం వెళ్ళడం తటస్థిస్తే, ఒక ఆదివారం చీకటితో లేచి పొమోనా సంతకు వెళ్ళండి. చలికి శాలువా, నడకకు మంచి చెప్పులు, చూపుకు టార్చిలైటు అవసరం. డబ్బు తక్కువ తీసికెళ్ళడం క్షేమం. ఏ టైరైనా నిగనిగలాడుతూ చవుకగా కనిపిస్తే, వంగి దాని ప్రక్కనున్న చివరి నాలుగంకెలు చదవండి. ఆ పని అక్కడికి వెళ్ళినప్పుడే చేయాలని లేదు. ఈ సాయంత్రం మన వీధిలో నిలిపివున్న మన సొంత బండి దగ్గరకూడా చేయవచ్చు.